సౌండ్ ఇంజనీరు కావాలనుకునేవారికి కొన్ని పెడసరి సలహాలు

రికార్డింగ్ లైన్లోకి రావాలనుకునే పిల్లలు ఎవర్ని అడిగినా ఒకే మాట వింటారు. మంచి ల్యాప్‌టాప్ కొనుక్కో, ప్రో టూల్స్ నేర్చుకో, ప్లగిన్లు పోగుచేసుకో, ఎలాగోలా హైదరాబాదులో ఓ స్టూడియోలో దూరు, పెద్ద సంగీత దర్శకుడి కంట్లో పడు. నేను చెప్పబోయేవి ఇంచుమించు అన్నీ దీనికి ఎదురు. మద్రాసులో అసిస్టెంటుగా కేబుళ్లు చుట్టిన నాటి నుంచి ఈ పని తప్ప ఇంకోటి ఎరగను. తోటి ఇంజనీర్లలో చాలామంది ఈ మాటలు ఒప్పుకోరు. పిల్లల్ని చెడగొడుతున్నావని మొహమ్మీదే అన్నవాళ్లూ ఉన్నారు. అయినా చెబుతాను. పాట మైకు ముందు పుడుతుంది. ఆ తర్వాత కంప్యూటర్లో మనం చేసేదంతా దాన్ని చెడకుండా కాపాడటం వరకే. కింది సలహాలన్నీ ఈ ఒక్క నమ్మకంలోంచే వచ్చాయి.

మొదటి ఏడాది కంప్యూటర్ ముట్టకండి

ఆ ఏడాది తాళం నేర్చుకోండి. మృదంగమో, తబలానో, అదీ కుదరకపోతే చేత్తో ఆదితాళం, రూపకం తప్పకుండా వేయడమో. శృతిబాక్సు పెట్టుకుని షడ్జమం, పంచమం దగ్గర గొంతు నిలపండి. మీరు కచేరీ చేయనక్కర్లేదు, చెవికి శృతి అంటే ఏమిటో తెలిస్తే చాలు.

రికార్డింగ్‌లో రోజూ చేసే పని పంచ్ ఇవ్వడం. గాయని ఒక సంగతి మళ్లీ పాడతానంటుంది. సరిగ్గా అక్కడ్నుంచే రికార్డులోకి వెళ్లాలి, ముందు మాట తోక తెగకూడదు. సమం మీద కాకుండా అర అక్షరం దాటాక ఎత్తుకునే పల్లవి అయితే తెర మీది గీతలు మీకు దారి చూపవు. చేతిలో తాళం ఉన్నవాడు కళ్లు మూసుకుని కూడా సరైన చోట బటన్ నొక్కుతాడు. లేనివాడు ఆవిడ చేత అదే లైను మళ్లీ మళ్లీ పాడించి, గొంతు అలిసిపోయాక, "మొదటిదే బాగుందమ్మా" అంటాడు.

శృతి విషయమూ అంతే. పాడేవాడు కాస్త దిగుతున్నాడనగానే మన చెయ్యి ఆటో ట్యూన్ మీద పడుతుంది. చమురు నిక్షేపాల వేటలో భూమి లోపలి తరంగాలను విశ్లేషించే పని చేసి వచ్చిన ఆండీ హిల్డెబ్రాండ్ 1997లో దాన్ని తెచ్చాడు. అది గొప్ప తెలివే, నేను కాదనను. కానీ ముందు హెడ్‌ఫోన్ లెవెల్ చూడండి. ట్రాక్ చెవుల్లో హోరెత్తుతుంటే తన గొంతు తనకు వినపడక పాడేవాడు జారతాడు. ట్రాక్ తగ్గించండి. తంబూరాలాంటి నిలకడైన స్వరం ఒకటి కాస్త పెంచండి. ఒక చెవి మీద నుంచి హెడ్‌ఫోన్ పక్కకు జరపమని చెప్పండి. చాలాసార్లు శృతి దానంతటదే కుదురుకుంటుంది, సాఫ్ట్‌వేర్ తెరిచే పనే ఉండదు.

హైదరాబాదుకు ఇప్పుడే రాకండి

వస్తే ఏం చేస్తారు? కీబోర్డు ప్రోగ్రామర్ పంపిన ఫైళ్లకు పేర్లు పెడతారు, రంగులు వేస్తారు, వరస సర్దుతారు. అదీ పనే. కానీ ఆ ఫైళ్లలో డోలు, వయొలిన్, వేణువు అన్నీ ఎప్పుడో ఎక్కడో ఇంకొకరు మైకు పెట్టి పట్టుకున్నవి. మైకు పెట్టడం మీరెప్పుడు నేర్చుకోవాలి?

మీ ఊళ్లో ఇంకా మనుషులు వాయిస్తున్నారు. హరికథ ఉంది, బుర్రకథ ఉంది, ఒగ్గు కథ ఉంది, చెక్కభజన ఉంది, పెళ్లి మేళం ఉంది. చేతిలో ఇమిడే రికార్డరు ఒకటి, మైకులు రెండు, ఒక స్టాండు పట్టుకుని వాళ్ల దగ్గరికి వెళ్లండి. కరీంనగర్, వరంగల్ వైపు చిన్న స్టూడియోల్లో తయారైన జానపదాలకు యూట్యూబ్‌లో కోట్ల వ్యూస్ వస్తున్నాయి. కాబట్టి ఊళ్లో ఉండిపోతే వెనకబడతామన్న భయం కూడా అక్కర్లేదు.

ఒక డప్పును రికార్డు చేసి చూడండి, ఏ కోర్సూ చెప్పనిది అది చెబుతుంది. తోలు మంట సెగకు బిగుస్తుంది. ఏసీ గదిలో కూర్చున్న కాసేపటికే వదులై, 'టన్' అనాల్సింది 'దబ్' అంటుంది. కుర్ర ఇంజనీరు అప్పుడు, శబ్దపు స్థాయిలను హెచ్చించి తగ్గించే ఈక్యూలో పైస్థాయి పెంచుతాడు. డప్పు కళాకారుడు మాత్రం లేచి బయటికి వెళ్లి, నాలుగు కాగితాలు మండించి, చుట్టూ తిప్పి కాచుకుని వస్తాడు. ఆయన వచ్చేదాకా ఆగండి. అలా కాచి తెచ్చిన మొదటి రెండు మూడు నిమిషాల్లో టేక్ తీసుకోవాలి, అంటే అప్పటికే మైకు, లెవెల్, పాడేవాళ్లు అన్నీ సిద్ధంగా ఉండాలి. ఏసీ కట్టేయమని స్టూడియో వాళ్లను అడిగే ధైర్యమూ మీకుండాలి. ఇక సన్నాయి దగ్గర ఎప్పుడూ గొట్టం మూతి ఎదురుగా మైకు పెట్టకండి, చెవులు చిల్లులు పడతాయి. మూడు నాలుగడుగుల దూరం జరిగి, వేళ్లాడే రంధ్రాల వైపు, కాస్త పైనుంచి చూడండి. స్వరం మూతిలోంచే కాదు, ఆ రంధ్రాల్లోంచీ వస్తుంది.

ఈక్యూ బటన్ ఉందన్న సంగతి మరచిపోండి

ఇది వినగానే నవ్వేవాళ్లకు అల్ ష్మిట్ గురించి చెబుతాను. న్యూయార్క్ బ్రూక్లిన్‌లో పుట్టి, చిన్నతనంలోనే తండ్రి సోదరుడి స్టూడియోలో తిరుగుతూ పెరిగాడు. అక్కడ ఒక్క మైకు చుట్టూ వాద్యగాళ్లను ముందుకూ వెనక్కూ జరిపి బ్యాలెన్స్ చేసేవాళ్లు. ఆ చెవితోనే పెద్దయి, సినాట్రా నుంచి రే చార్లెస్ దాకా రికార్డు చేసి 20 గ్రామీలు అందుకున్నాడు. ఈక్యూ దాదాపు వాడని ఇంజనీరుగానే ఆయన పేరు. ఏ వాద్యానికి ఏ మైకు, ఎంత దూరంలో, ఏ కోణంలో అన్నదే ఆయనకు ఈక్యూ. 2021లో 91 ఏళ్ల వయసులో పోయేదాకా అదే పద్ధతి.

మృదంగం తీసుకోండి. అందరూ చేసేది రెండు మైకులు, ఒకటి కుడి మూతికి, ఒకటి ఎడమకు, దగ్గరగా. రెండూ రెండు వైపులా వింటాయన్న సంగతి మరిచిపోతారు. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు నడుస్తుంది. వాద్యం పొడవు రెండడుగులనుకుంటే కుడి దెబ్బ ఎడమ మైకును దాదాపు రెండు మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. రెండూ కలిపినప్పుడు కొన్ని స్థాయిలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని, ఎడమ వైపు మంద్ర నాదమైన 'గుమికి' బరువు పోయి పలచబడుతుంది. దాన్ని ఈక్యూతో తిరిగి తేవాలని చూడటం ఉడకని పప్పుకు తాలింపు పెట్టడమే. ముందు ఒక మైకుకు పొలారిటీ తిప్పి వినండి. అప్పటికీ బాగోకపోతే రెండూ తీసేసి, ఒకే మైకు విద్వాంసుడి ముందు రెండడుగుల దూరంలో కాస్త ఎత్తుగా పెట్టి, కుడి ఎడమలు రెండూ సమంగా వినపడే చోటు దొరికేదాకా జరపండి. మైకు జరపడానికి కన్సోల్ దగ్గర్నుంచి చెయ్యి చాపితే కుదరదు. లేచి, తలుపు తీసి, లోపలికి వెళ్లాలి.

లోపలికి వెళితే ఇంకోటి కూడా కనపడుతుంది. ఎడమ మూతి మీద పెట్టిన రవ్వముద్ద ఏసీ గాలికి ఎండిపోతోందని. ఎండినకొద్దీ గుమికి స్థాయి పెరుగుతుంది, గంభీరత పోతుంది. విద్వాంసుడు నీళ్లు అద్దుకుంటానంటే విసుక్కోకండి. గంట కిందటి టేకుకూ ఇప్పటి టేకుకూ శబ్దం ఎందుకు కలవడం లేదో ఏ మీటరూ చెప్పదు, ఆ ముద్ద చెబుతుంది.

మైకు జరిపే స్వేచ్ఛ కూడా ఒకప్పుడు కొట్లాడి తెచ్చుకున్నదే. లండన్ ఈఎంఐ స్టూడియోలో డ్రమ్ముకు ఫలానా దూరం కంటే దగ్గరగా మైకు తేకూడదని నియమం ఉండేది, మైకు పాడవుతుందని. 1966లో బీటిల్స్ 'రివాల్వర్' ఆల్బమ్‌కు ఇంజనీరుగా కూర్చున్న జెఫ్ ఎమెరిక్‌కు అప్పటికి ఇరవై ఏళ్లు. బాస్ డ్రమ్ములో ఊలు స్వెట్టర్ కుక్కి, మైకును దానికి దగ్గరగా జరిపాడు. అక్కడి నుంచి రాక్ డ్రమ్ముల శబ్దమే మారిపోయింది. ఆ కుర్రాడు కొత్త యంత్రమేదీ కొనలేదు.

టేకులు దాచుకోకండి

ఇప్పుడు హార్డ్ డిస్కుకు లోటు లేదు. అందుకే ఒక చరణానికి ఇరవై టేకులు, అన్నీ భద్రం, ఎప్పుడో కూర్చుని మాట మాట ఏరి అతికిద్దామని. ఆ ఎప్పుడో రోజున కూర్చుంటే ఏ టేకులో ఏ భావం ఉందో ఎవరికీ గుర్తుండదు. అక్షరాలు శుద్ధంగా, శృతి శుద్ధంగా, పాట మాత్రం చచ్చిపోయి బయటికొస్తుంది.

మద్రాసు స్టూడియోల్లో మోనో రోజులు ఎలా ఉండేవో ఒకసారి ఊహించుకోండి. 1957 నాటి 'మాయాబజార్' పాటలు విన్నప్పుడు గమనించండి. ఆ కాలంలో ఘంటసాల, లీల, సుశీలలాంటి గాయకులూ, వాద్యబృందమూ ఒకేసారి, ఒకే గదిలో. వయొలిన్లు ఎంత వెనక, వేణువు ఎంత ముందు, గాయకుడు మైకుకు ఎంత దగ్గర అన్నది రికార్డింగ్‌కు ముందే తేల్చాలి. చివరి చరణంలో ఒక వయొలిన్ తప్పితే అందరూ మొదటి నుంచి. అందుకే 'మానిటర్' అని పిలిచే రిహార్సల్ మీద అంత సమయం పెట్టేవాళ్లు. టేక్ అనేసరికి ప్రతి మనిషికీ తన చోటు తెలుసు. 1967లో 'సార్జెంట్ పెప్పర్స్' కూడా నాలుగు ట్రాకుల యంత్రాల మీదే చేశారు. ట్రాకులు నిండితే వాటిని కలిపి ఒకటిగా దించి, ఆ నిర్ణయానికి కట్టుబడి ముందుకెళ్లేవాళ్లు.

నా సలహా: మూడు టేకులు ఉంచండి. నాలుగోది నచ్చితే, పాతవాటిలో ఏది తీసేయాలో గాయకుడు ఎదురుగా ఉండగానే తేల్చండి. సంగీత దర్శకుడు భయపడతాడు. నిర్మాత మనిషి ఇంకా భయపడతాడు. మీరు గట్టిగా నిలబడండి. తీసేయాలని తెలిసినప్పుడే మనం నిజంగా వింటాం. టేక్ జరుగుతున్నప్పుడు ఫోను చూసే అలవాటు కూడా దీంతోనే పోతుంది.

మాట చివర వేలు పెట్టండి

ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం. ఇంగ్లిషు పాటల మీద రాసిన మిక్సింగ్ పుస్తకాలు మనకు ఇది నేర్పవు.

మన మాటలు అచ్చులతో ముగుస్తాయి. రాముడు, వెన్నెల, నీవని, వచ్చెను. పాదం చివరికొచ్చేసరికి గాయకుడి ఊపిరి తగ్గుతుంది, ఆ చివరి హ్రస్వం, 'డు' లోని ఉకారం, 'ని' లోని ఇకారం, సన్నగా వాలుతుంది. సరిగ్గా అక్కడే వయొలిన్ల బిట్ లేస్తుంది, ఎందుకంటే పాదానికీ పాదానికీ మధ్య ఖాళీ నింపడం వాటి పని. ఫలితం, మాట తోక మునిగిపోతుంది. వినేవాడికి 'నీవ...' వరకే అందుతుంది. అది 'నీవని' అనో, 'నీవు' అనో, 'నీవే' అనో తెలియదు, అర్థం జారిపోతుంది. తర్వాత అందరూ కవిని తిడతారు, లేదా గాయకుడికి ఉచ్చారణ లేదంటారు.

కంప్రెసర్ వేస్తే సరిపోతుందంటారు. చివరి అచ్చుతోపాటు దాని వెనకున్న ఊపిరినీ, గది చప్పుడునూ కూడా అది ఎత్తుతుంది. నేను చేయమనేది వేరు. సాహిత్యం కాగితం మీద రాసి ముందు పెట్టుకోండి. ఫేడర్ మీద వేలు పెట్టి పాట మొదటి నుంచి నడపండి. ప్రతి పాదం చివరి అక్షరం దగ్గర రెండు మూడు డెసిబెల్స్ ఎత్తి, మాట పూర్తి కాగానే దించండి. పాట మొత్తానికి చేయడానికి ఒక పూట పట్టొచ్చు. పట్టనివ్వండి. ఆ పూట అయ్యేసరికి పాట మీకు కంఠస్థం అవుతుంది, మిగతా మిక్సింగ్ సగం దానంతటదే తేలుతుంది.

నాయిస్ తీసే ప్లగిన్లతో జాగ్రత్త కాదు, వాటిని గొంతు మీద అసలు వాడకండి. మన మహాప్రాణాల్లో ఉండేది ఊపిరే కదా. ఆ యంత్రానికి ఊపిరి చప్పుడు, ఫ్యాను చప్పుడు ఒకటే. అది 'కథ'ను 'కత' చేస్తుంది, 'ఘనం'ను 'గనం' చేస్తుంది. 'శ, ష, స' లు కోసుకుంటున్నాయని డీ-ఎస్సర్ బిగించేవాళ్లూ ముందు మైకును పెదవుల ఎదురు నుంచి తప్పించి, ముక్కు ఎత్తుకు లేపి, కాస్త కిందికి వంచి చూడాలి. 'ప' అన్నప్పుడు కొట్టే గాలి కూడా దాంతోనే చాలావరకు తప్పుకుంటుంది. పాదానికి ముందు గాయకుడు తీసుకునే ఊపిరిని కోసేయడం మరో దురలవాటు. ఆ ఊపిరిలో తర్వాతి మాట ఎంత బరువుతో రాబోతోందో ముందే తెలుస్తుంది. దాన్ని తీసేస్తే మనిషి పాడుతున్నాడన్న నమ్మకం పోతుంది.

చవక స్పీకర్లతో, చిన్న శబ్దంతో

గట్టిగా వింటే అన్ని పాటలూ బాగుంటాయి. అది చెవి స్వభావం. శబ్దం పెరిగినకొద్దీ కింది స్థాయిలు, పై స్థాయిలు నిండుగా వినిపిస్తాయని బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ 1933లోనే గీతలు గీసి చూపించారు. గట్టిగా పెట్టుకుని చేసిన మిక్సులో బాస్ చాలినంత ఉందనిపిస్తుంది, తగ్గించి వింటే మాయమవుతుంది. పక్కనున్న మనిషితో గొంతు పెంచకుండా మాట్లాడగలిగే స్థాయిలో పని చేయండి. సంగీత దర్శకుడు వచ్చి పెంచమంటే కాసేపు పెంచి, ఆయన వెళ్లగానే దించేయండి. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటల వరకే చెవికి క్షేమమని, ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుందని అమెరికాలో వృత్తి ఆరోగ్యం చూసే సంస్థ నియోష్ లెక్క. 100 దగ్గర పావుగంట. మన జీవనాధారం చెవులు. పోయిన వినికిడి ఏ డాక్టరూ తిరిగి తేలేడు, దీని మీద నేను ఎవరి మొహమాటమూ చూడను.

స్పీకర్ల సంగతీ అంతే. యమహా 1978లో ఇళ్ల కోసమని తెచ్చిన ఎన్ఎస్-10 ఇళ్లలో నిలబడలేదు. స్టూడియోల్లో మాత్రం ప్రపంచమంతా ఆక్రమించింది. దాంట్లో వినసొంపు తక్కువ కాబట్టే తప్పు దాగదు. క్విన్సీ జోన్స్, బ్రూస్ స్వెడియన్ 'థ్రిల్లర్' మిక్సులను ఆరాటోన్ అనే చిన్న డబ్బా స్పీకర్లో సరిచూసుకునేవాళ్లు. మన శ్రోత వినేది ఆటోలో, బస్సులో పక్క సీటువాడి ఫోనులో. ఆ ఫోను స్పీకర్లో అడుగు స్థాయి శబ్దాలు దాదాపు ఉండవు. కాబట్టి మీ మిక్స్ ఆ ఫోనులో మోగినప్పుడు మాట తెలుస్తోందా, తాళం నడుస్తోందా చూడండి. లక్షల స్పీకర్లు తర్వాత కొనొచ్చు.

పాటను గోడకు కొట్టినట్టు గట్టిగా చేయమని అడుగుతారు. స్పాటిఫై సుమారు −14, ఆపిల్ మ్యూజిక్ −16 లఫ్స్ (పాట గట్టిదనానికి కొలమానం) దగ్గరికి అన్ని పాటలనూ సమం చేస్తాయి. మీరు నలిపి నలిపి పెంచిన పాటను అవి దించేస్తాయి, నలిగింది మాత్రం నలిగినట్టే మిగులుతుంది. ఈ మాట అడిగినవాళ్లకు వినిపించి చూపించండి. రెండు రకాలుగా చేసి, ఒకే లెవెల్లో పెట్టి, ఏది కావాలో అడగండి.

డబ్బు, పేరు

కొత్తవాళ్లను ఉచితంగా చేయమంటారు, అనుభవం వస్తుందని. చేయకండి. తక్కువ తీసుకోండి, కానీ తీసుకోండి, పని మొదలవకముందే సగం. ఉచితంగా చేసిన పనికి ఎవరూ సమయానికి రారు. గాయకుడు మధ్యాహ్నమంటే రాత్రికి వస్తాడు, రాత్రంతా మీరు మేలుకోవాలి. ఆడపిల్లలైతే ఆ రాత్రి కాల్‌షీట్లకు రవాణా కూడా ముందే మాట్లాడుకోండి. తెలుగు సినిమాలో తొలి మహిళా ఆడియో ఇంజనీరుగా సాజిదా ఖాన్ 2018లో రాష్ట్రపతి చేతుల మీదుగా గౌరవం అందుకున్నారు. దారి లేదని ఎవరైనా చెబితే ఆ పేరు చెప్పండి.

పేరు దగ్గరా మొహమాటపడకండి. 'దిల్ సే', 'లగాన్' చిత్రాలకు జాతీయ అవార్డులు తీసుకున్న సౌండ్ ఇంజనీరు హెచ్. శ్రీధర్ పేరు ఆ పాటలు పాడుకునేవాళ్లలో ఎంతమందికి తెలుసు? ఆ చిత్రాల సంగీత దర్శకుడు రెహమాన్ తన ఆల్బమ్ కవర్ల మీద వాద్యగాళ్ల, ఇంజనీర్ల పేర్లు అచ్చు వేయించడం వల్లే మా తరం ఆ పేర్లు చదివి ఈ పనిలోకి వచ్చింది. ఇప్పుడు కవరే లేదు, యూట్యూబ్ కింద నాలుగు లైన్లు ఉంటాయి. అందుకని ఫైనల్ ఫైలు పంపే మెయిల్లోనే రికార్డింగ్ ఎవరు, మిక్సింగ్ ఎవరు, అసిస్టెంట్ ఎవరు, డప్పు ఎవరు, మృదంగం ఎవరు, అక్షరదోషాలు లేకుండా తెలుగులోనూ ఇంగ్లిషులోనూ రాసి, అలాగే వేయమని అడగండి. పాట విడుదలైన పూట చూసుకోండి. లేకపోతే ఆ రోజే ఫోను చేయండి, వారం దాటితే ఎవరూ మార్చరు.